శంఖద్వీపతీరమున నిలిచిన నౌక

హేమంతావసానమున నొకనాఁటి ప్రభాతవేళ ప్రాచీదిగంతమున నరుణరేఖ యింకను స్ఫుటము గాకమున్నే నిస్తరంగమై పాదరసమువలెఁ దళతళలాడుచున్న పూర్వసాగరమున వేలాపురరాజ్యముయొక్క తీరావతరణ నౌకాదళము శంఖద్వీపాభిముఖమై నిశ్శబ్దముగఁ బోవుచుండెను. నడుమఁ బదాతిసైన్యమును మోయు మహానౌకలును వాని కిరువంకల గుఱ్ఱములను బొట్టక్రింద వెడల్పుపట్టీలు కట్టి నిలిపిన యశ్వనౌకలును వెనుక మంచినీటి కాఁగులును ధాన్యపుగోనెలును నిండిన సామగ్రినౌకలును వీని కన్నిఁటికి ముందు చదునైన యడుగును దింపిన వంతెనయగు ముందరితలుపును గల తీరగాములును సాగుచుండెను. సముద్రమధ్యమునఁ బోరాడుట యా దళమునకు వ్రతము గాదు. సేనను గడలి దాఁటించి పరుల యొడ్డున దింపుటయు దింపినవారిని మరల నెక్కించుకొని వచ్చుటయు దానికి ధర్మము.

ఆ దళమున కధ్యక్షుఁడు కాచయనాయకుఁడు. ఎన్నియో తీరములకు సేనలఁ జేర్చినను సేన యొడ్డున నున్నంతవఱకు నధ్యక్షుఁడు నౌక విడువరాదను నియమముచే నాతఁ డే పరతీరపు టిసుకను ద్రొక్కి యెఱుఁగఁడు. భార్య యక్కమ్మ విషజ్వరమున మరణించిననాఁ డాతఁ డొక దూరతీరమున నిట్లే లంగరు దించి పరులకొఱకు వేచియుండెను. తిరిగివచ్చునప్పటికిఁ జితాభస్మమును గూడ వాన కడిగివేసెను. సంతానము లేదు. నాఁటినుండి రేవున నున్నప్పుడును నతఁడు నౌకయందే పరుండును. నావికులు నవ్వుచు మాటలాడుకొనుచుండఁగా నతఁడు చేరువకు వచ్చెనేని వారు గౌరవముతో లేచి మౌనము వహింతురు. ఆ గౌరవమే యాతనికి నన్నిఁటికంటె దుస్సహమై యుండెను.

శంఖద్వీపమందలి సముద్రచోరులు తీరగ్రామములఁ గొల్లగొని చెఱపట్టిన జనులను విడిపించుట యీ యాత్రకుఁ బ్రయోజనము. రాజాజ్ఞ స్పష్టము. పూర్వాహ్ణమున నీరు తీయు నాటు మొదలిడఁగనే సేన వచ్చినను రాకున్నను దళము తీరము విడువవలెను. ఏలయన నీరు తీసిన యిసుకపైఁ జిక్కిన నౌకలు దక్షిణమునుండి వచ్చు చోరుల యోడలకు సులభభక్ష్యములగును. దళము నశించెనేని రాజ్యపుఁ దీరమంతయు దిక్కులేనిదగును.

తీరగాములు వెనుకవైపున లంగరులు విడుచుచు నిసుక నొఱసి నిలిచెను. తలుపులు దిగెను. సేనాపతి మైలారరెడ్డి మోఁకాలిలోఁతు నీట దిగి వెనుదిరిగి తీరగామిపై నిలిచిన కాచయను జూచి “నాయకా, మేము వచ్చువఱకు నుందువుగదా” యనెను.

“ఆటు వచ్చువఱకు నుందును” అని మాత్రము కాచయ బదులు పలికెను.

సేన మొగలిపొదల వెనుక నదృశ్యమయ్యెను. జాము ప్రొద్దెక్కెను. కొండ కావలఁ బొగ లేచెనే కాని యొక్కఁడైనఁ దిరిగి రాలేదు. నీరు తీయసాగెను. నావికులకుఁ బెద్దయు వృద్ధుఁడునగు సరంగు నూకయ యధ్యక్షునొద్దకు వచ్చి “నాయకా, ఇసుక కనఁబడుచున్నది. త్రాళ్లు లాగింతుమా” యని యడిగెను.

“దళమును ఱాతిమిట్ట కవ్వల లోఁతునీటికిఁ గొనిపొమ్ము. ఈ యొక్క తీరగామి యిచ్చట నుండును.”

“నీకుఁ దోడెవ్వరు?”

“ఎవ్వరును వలదు. నీరులేని నౌకకు నావికులతోఁ బనిలేదు. సాయంకాలపుఁ బోటునకు సైనికులు వత్తురేని వారే దీనిని లాగుదురు. రారేని దళ మొక్కనినే పోఁగొట్టుకొనును.”

“రాజు శిక్షించునేమో.”

“శిక్షించుటకు నేను మిగిలినచో మంచిదే” యని కాచయ పలికెను. నూకయ యన్నియేండ్ల కొలువులో మొదటిసారి యాతని చేయి పట్టుకొని కొంతసేపు విడువక పిమ్మటఁ దలవంచుకొని వెడలిపోయెను.

నౌకలు తెల్లని చుక్కలై నీలిమయందుఁ గలసిపోయెను. కాచయ గాలితోఁ బనిలేకున్నను గొండమీఁదనుండి చూచువారికిఁ గానవచ్చునట్లు తెరచాప నెత్తి కట్టెను. నీరు తగ్గి బయలుపడిన లంగరును మఱింత సముద్రములోనికిఁ జేర్చినఁగాని పోటువేళ నౌకను లాగుట దుర్ఘటమని తలంచి దిగి యెన్నఁడును ద్రొక్కని పరతీరపు టిసుకఁ ద్రొక్కెను. ఇద్దఱు మువ్వురు మోయవలసిన యా బరువును నతఁ డీడ్చుచు నిలుచుచు మరల నీడ్చుచు నీటియంచు దాఁటించెను. అఱచేతులు చిట్లి నెత్తురు కాఱెను. తిరిగివచ్చి యోడనీడఁ గూర్చుండఁగాఁ బీఁతలు వచ్చి చూచి పోయెను. ఇన్నాళ్లు నాజ్ఞచే వేచియుండిన వాఁడు నేఁడు తనయిచ్ఛచే వేచియుండెను. ఆ నిర్జనతీరమున నతఁ డొకసారి “అక్కమ్మా” యని పైకిఁ బిలిచెను. చిరకాలముగఁ బలుకని యా పేరు తన నోటనే పరాయిదానివలె వినఁబడెను.

ప్రొద్దు వాలి జలరేఖ మరల నౌక నంటునప్పుడు మొగలిపొదలనుండి జనులు వెలువడిరి. పోయినవారిలో సగము సైనికులును వారి భుజముల నానుకొని చెఱవిడిన స్త్రీపురుషులును వచ్చిరి. మైలారరెడ్డి లేఁడు.

“రెడ్డిగారు కనుమయొద్ద శత్రువుల నడ్డగించి యొరిగిరి” యని తలకుఁ గట్టుకట్టుకొన్న భటుఁ డొకఁడు చెప్పెను. “తెరచాప కనఁబడుచున్నది, మీరు పొండని మమ్ముఁ బంపిరి.”

కాచయ లంగరు త్రాడు చూపెను. వెనుకనుండి బాణములు పడుచుండ నందఱు నౌక నెక్కి యేకశ్వాసముగ లాగిరి. లంగరు పట్టు విడువలేదు. అడుగు కఱకఱలాడి నౌక తేలెను. చీఁకటి పడకమున్నే యది దళమును గలిసెను.

మఱునాఁడు వేలాపురపు రేవున జనసమ్మర్దము పొంగిపొరలెను. పేరులు పెట్టి పిలుచువారును గౌఁగిలించుకొని యేడ్చువారును రానివారికై వెదకి వెదకి యూరకుండువారును గ్రమముగ వెడలిపోయిరి. రాజు కాచయను శిక్షింపను లేదు సత్కరింపను లేదు. మఱుసటి యాత్రకు సిద్ధముగ నుండుమని మాత్రము వార్త పంపెను.

సంజవేళ నౌక యంతయు నిర్జనమైనదని తలంచి యటునిటు తిరుగుచున్న కాచయకు ముందరితలుపునొద్దఁ గూర్చున్న నడివయసు స్త్రీ కనఁబడెను. చెఱవిడిన వారిలో నొకతె. పేరు గౌరమ్మ.

“నాయకా, మా పల్లె కాలిపోయినది. నావారెవ్వరును లేరు. నేనెందుఁ బోదును?”

కాచయ నౌకలోపలివైపు చేయి చూపెను. “అమ్మా, ఎందుఁ బోవలెనో నాకును దెలియదు. లోపల నన్నమున్నది. మొదట భుజింపుము” అనెను.

ఆమె లేచి లోనికిఁ బోయి యన్నము తెచ్చి యొక విస్తరి తనముందును వేఱొకటి యాతనివైపునను బఱచెను. ఇరువురును నౌకవెడల్పంత యెడముగఁ గూర్చుండి భుజించిరి. పరులఁ దీరము చేర్చువానికిఁ దాను దీరము చేరుట యెన్నఁడును సులభము గాదు. అయినను నాఁటి సాయంకాలమున నా నౌకపై రెండు విస్తళ్లు పఱవఁబడి యుండెను.