ఆగని ఇంజను

మా ఆయన కెస్కిల్‌కి ఒక లారీ ఉంది. అక్టోబరులో నది గడ్డకట్టగానే దాని ఇంజను స్టార్టు చేస్తాడు, మళ్ళీ ఏప్రిల్‌లోనే ఆపుతాడు. మా వైపు లారీలు తోలేవాళ్ళందరి పద్ధతీ అదే. సున్నాకి యాభై డిగ్రీలు కిందికి పోయే చలిలో ఒక్కసారి ఇంజను ఆగి చల్లబడిందా, ఆయిలు బంకలా బిగుసుకుంటుంది, డీజిలు మైనంలా ముద్దకడుతుంది. ఇక ఎండలు వచ్చేదాకా అది ఇనప సామానే. అందుకని ఆయన తింటున్నా, పడుకున్నా, లారీ మాత్రం మా కిటికీ కింద బొంత కప్పుకుని గుడగుడలాడుతూనే ఉంటుంది. ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టదు. చప్పుడు ఆగితే అసలే పట్టదు.

ఈ ఏడు ఆ గుడగుడ వింటుంటే ఒళ్ళు మండిపోతోంది. యాకుత్స్క్ పట్నంలో మా అమ్మాయి కున్నేయ్‌కి నెలలు నిండాయి. తొలి కాన్పు. అల్లుడు బంగారు గనిలో పని మధ్యలో ఇరుక్కుపోయాడు. "అమ్మా, నువ్వు రాకపోతే ఒక్కదాన్నే ఆస్పత్రికి పోవాలి, నాకు భయంగా ఉందే" అని ఫోన్‌లో ఏడ్చింది. రేపు పొద్దున వ్యాను ఉంది, సీటు కూడా చెప్పాను. సంచి సర్దాను. విప్పాను. మళ్ళీ సర్దాను. కాలు ఒకచోట నిలిస్తేగా!

నేను కదలాలంటే ఆ లారీకి హీటరు పెట్టించాలి. ఎందుకంటే ఆగదు ఆగదు అని ఈయన ఊరంతా చాటే ఆ ఇంజను ఆగుతుంది. ప్రతి చలికాలమూ ఆగుతుంది. దారిలో కాదు, దారిలో తోటి లారీలవాళ్ళు ఉంటారు, ఒకరినొకరు లేపుకుంటారు. ఇంటి ముందు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే దానికి ఆ రోగం. మొదటిసారి ఆగిన రోజు ఈయన కంటిమీద కునుకు లేకుండా గడ్డకట్టిన నది మీద తోలుకొచ్చి మొద్దులా పడి ఉన్నాడు. లేపితే, మర్నాడు ఐసు మీద స్టీరింగు పట్టుకుని తూగుతాడేమోనని ఊరుకున్నాను. మంట చిమ్మే బ్లోల్యాంపు వెలిగించి, లారీ కిందికి దూరి, వేడిచేసి నేనే స్టార్టు చేశాను. పొద్దున లేచి "చూశారా నా బండి!" అని ఇరుగుపొరుగుకి చూపించుకుని మురిసిపోయాడు. ఆ మొహం చూశాక చెప్పలేకపోయాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. ఇదిగో, అప్పటి చంటిపిల్ల ఇప్పుడు తల్లి కాబోతోంది, నేనింకా ఆ లారీ కిందే ఉన్నాను.

మా తమ్ముడు ఎర్చిమ్ గ్యారేజీలో పనిచేస్తాడు. నా పోరు పడలేక ఇవాళ మధ్యాహ్నం ఒక హీటరు జీపులో వేసుకుని వచ్చాడు. ఆయన అప్పుడే సరుకు దింపి ఇంటికొచ్చి, గుర్రం మాంసం ముందు కూర్చున్నాడు.

"బావా, ఇది చిన్న డబ్బా. నీ ట్యాంకులో డీజిలే కాస్త తాగి, రేడియేటరు కూలెంటు వేడిచేసి ఇంజను చుట్టూ తిప్పుతుంది. బండి ఆపుకుని హాయిగా పడుకోవచ్చు."

"ఒరేయ్, నీ డబ్బా ముసలి బళ్ళకి తగిలించుకో. నా బండి ఒక్క చలికాలం ఆగిందని ఎవణ్ణైనా చెప్పమను చూద్దాం. ఎందుకు, మీ అక్కనే అడుగు!"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు తిరిగాను. మొదటి అట్టులో ముక్క తుంచి, మా ఆనవాయితీ ప్రకారం నిప్పుకి నైవేద్యం పెట్టాను.

"నన్నడక్కండి. నాకు పనుంది."

"వారం నుంచీ హీటరు హీటరు అని ప్రాణం తోడేస్తోందిరా మీ అక్క. పోయేది కూతురి పురిటికి, దిగులంతా బండి మీద!"

"నేను లేనప్పుడు ఆగితే?" అన్నాను.

"ఆగదు."

"ఆగితే ఏం చేస్తావయ్యా?"

"ఆగదన్నానా! ప్రయాణం ముందు ఆ పాడు మాటలేమిటే?" అని మూతి తుడుచుకుని వెళ్ళి పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక.

మూడు గంటలకే చీకటి కమ్ముకుంది. తమ్ముడు పాలు పోసిన టీ తాగుతూ కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గరికీ పొయ్యి దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. పోనీ చెప్పేద్దామా? చెబితే నమ్ముతాడా? నమ్మితే ఇన్నేళ్ళ గొప్ప ఏమైపోవాలి? పాపం, ఆ మనిషికి గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

అప్పుడు చప్పుడు మారింది. గుడగుడ కాస్తా దగ్గుగా మారింది. ఆ దగ్గు నాకు నా పిల్ల దగ్గుకన్నా బాగా తెలుసు. కాళ్ళు వాటంతటవే బూట్లలోకి దూరాయి. చెయ్యి తలుపు గడియ మీద పడింది.

అక్కడ ఆగిపోయాను. ఇప్పుడు బయటికి వెళ్ళి దాన్ని నడిపించానంటే ఈయన హీటరు పెట్టనివ్వడు, ఇంక సంచి విప్పుకోవాల్సిందే. అక్కడ కున్నేయ్ ఒక్కతే నొప్పులు పడాల్సిందే. గడియ వదిలేసి వచ్చి కూర్చున్నాను. ఇంజను ఆగిపోయింది.

"అక్కా, ఆగింది! బావని లేపనా?"

"కూర్చో. టీ తాగు."

"నీకేమన్నా పిచ్చా? ఇంకాసేపుంటే బిగుసుకుపోతుంది!"

"కూర్చోరా అన్నానా!"

అరిచానే గానీ, మా తిండీ తిప్పలూ అన్నీ ఆ లారీ మీదే. నా చేతులతో నేనే చంపుకుంటున్నానేమో అనిపించింది. లేద్దామనుకున్నాను, లేవలేదు.

చివరికి ఆ నిశ్శబ్దమే ఆయన్ని లేపింది. టోపీ కూడా లేకుండా బయటికి పరుగెత్తాడు. మేమూ వెనకే పరుగెత్తాం. సెల్ఫ్ కొట్టాడు. కిర్రుమంది, అంతే. మళ్ళీ కొట్టాడు. ఆ మొహం చూడలేకపోయాను.

"ఎందుకు లేపలేదే నన్ను? చెవులు దొబ్బాయా మీకు?"

కరిగించి తాగడానికి పేర్చిన ఐసు దిమ్మల వెనక నుంచి బ్లోల్యాంపు తీశాను. పంపు కొట్టి వెలిగించి, మంచు మీద కంబళిముక్క పరిచి, లారీ కిందికి దూరాను. ముందు డీజిలు పైపు, ఆ తర్వాత ఆయిలు చాంబరు. మంట ఒక్కచోట నిలపకూడదు, తిప్పుతూ ఉండాలి.

"సెల్ఫ్ జోలికి పోకు, నేను చెప్పేదాకా!" అని కింద నుంచే అరిచాను.

చాంబరు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. "ఊఁ, ఇప్పుడు కొట్టు."

రెండుసార్లు మూలిగింది. మూడోసారి అందుకుంది. నేను పాక్కుంటూ బయటికి వచ్చేసరికి ఆయన కిందికి దిగి నిలబడి ఉన్నాడు.

"ఇది నీకు ఎప్పట్నుంచి వచ్చునే?"

"నీ బండి ఆగడం మొదలుపెట్టినప్పట్నుంచి."

ఎర్చిమ్ తల దించుకుని మంచుని కాలితో గీకుతున్నాడు. ఇక ఈయన గొంతు చించుకుంటాడు, లేదా అబద్ధమంటాడు అనుకున్నాను. దేనికేం అనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన లారీని చూశాడు, నన్ను చూశాడు.

"ఎర్చిమ్, ఆ డబ్బా దింపరా. ఇవాళే బిగించెయ్," అన్నాడు. "రేపు మీ అక్క ఊరెళ్ళాలి."

తర్వాత నా దగ్గరికి వచ్చి నా చేతి తొడుగులు లాగాడు. వేళ్ళ చివర్లు తడిమాడు. చలికి కమిలి నల్లబడి, మొద్దుబారిన వేళ్ళు. ఇన్నేళ్ళూ అవి వంటింట్లో కాలిన మచ్చలనుకున్నాడు కాబోలు.

"ఇంత చలిలో... ఒక్కదానివే... చలేసేది కాదుటే నీకు?"

నా తొడుగులు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"వేసేది," అన్నాను. ఇంజను చప్పుడులో ఆయనకి వినపడలేదు.

"వేసేదయ్యా, చాలా వేసేది!" అని గట్టిగా అరిచి, తమ్ముడు చూస్తున్నాడని కూడా లేకుండా భోరుమన్నాను.