అన్న గొంతు

ఫోన్ మోగినప్పుడు ఇథెల్ ఒక గొర్రెను వెల్లకిలా పడేసి గిట్టలు కత్తిరిస్తున్నాడు. మూడు రోజులుగా ఫిబ్రవరి వాన వదలకుండా పడుతోంది. కొట్టం నిండా తడిసిన ఉన్ని వాసన. పని మధ్యలో ఫోన్ తీసే అలవాటు అతనికి లేదు. సంతలో ధర సంగతి ఎవరైనా చెబుతారేమోనని తీసి, "హలో" అన్నాడు. అవతల ఊపిరి చప్పుడు తప్ప మాట లేదు.

"ఎవరండీ? మాట్లాడకపోతే పెట్టేస్తా. నా మోకాలి కింద గొర్రె ఉంది," అన్నాడు విసుగ్గా.

"ఏమీ అనుకోకండి," అంది ఒక ఆడగొంతు. "అచ్చం ఆయనే మాట్లాడినట్టుంది."

ఆయనంటే ఎవరని ఇథెల్ అడగలేదు. అన్న మెర్విన్ పోయి అప్పటికి మూడు నెలలు. చిన్నప్పటి నుంచీ ఆ అన్నదమ్ముల మొహాలు వేరు, గొంతు ఒకటి. ఫోన్లో కన్నతల్లి కూడా పోల్చుకోలేక, "ఏ వెధవవిరా నువ్వు, గొర్రెల వెధవవా, నాటకాల వెధవవా?" అని అడిగి మరీ మాట్లాడేది.

ఫోన్ చేసినామె పేరు హెలెద్. కార్డిఫ్‌లో ఒక స్టూడియోలో శబ్దం పని చూస్తుంది. మెర్విన్ ఆఖరుగా నటించిన టీవీ సీరియల్ ఆమె చేతిలోనే ఉంది. పదిహేను వందల ఏళ్ల కిందటి కథ అది. వేల్స్ కొండల్లో ఒక ముసలి రాజు, ఆయన మీద అలిగి శత్రువులకు కోట తలుపు తీసిన తమ్ముడు. మెర్విన్‌ది రాజు వేషం. రాజు చనిపోయే ఘట్టం అక్టోబరులో సముద్రపొడ్డున తీశారు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చిందట. గాలి మాత్రం ఎవరి మాటా వినలేదు, సగం మాటల్ని ఎత్తుకుపోయింది. తర్వాత తీరిగ్గా డబ్బింగ్ చెప్పించుకోవచ్చు అనుకున్నారు. నవంబరులో ఒక ఉదయం మెర్విన్ షూ లేసులు కట్టుకుంటూ ముందుకు ఒరిగిపోయాడు.

పదకొండు డైలాగులు కావాలి. కంప్యూటర్ చేత ఆయన గొంతు పలికిస్తామని పైవాళ్లు అంటే, మెర్విన్ భార్య నెరిస్ ఒప్పుకోలేదు. మనిషి చేత చెప్పిస్తేనే సంతకం పెడతానంది. ఇంకో షరతు కూడా పెట్టింది. ఎవరి చేత చెప్పించారో, ఏ మాటలో తనకు ఎప్పటికీ తెలియకూడదు. తెర మీద ఆయన నోటి నుంచి వచ్చిందల్లా ఆయనదేనని తను నమ్ముకుంటుందట. ఇద్దరు నటుల్ని పిలిచి చూశారు. ఒకాయనది ఉత్తర వేల్స్ యాస. ఇంకొకాయన చావుబతుకుల్లో ఉన్న రాజుకు వార్తలు చదివినట్టు చెప్పాడు. చివరికి ఇథెల్ ఊరు ఉన్న ట్రెగారన్ వైపు వాళ్లెవరో, ఆయనకో తమ్ముడున్నాడు కదా, అన్నారట.

"రేపు చెబుతా," అని ఇథెల్ ఫోన్ పెట్టేసి మిగిలిన గిట్టలు కత్తిరించాడు. రేపు అనడంలో అతను ఆరితేరినవాడు.

తొమ్మిదేళ్ల కిందట తల్లి మంచం పట్టింది. రెండు వారాలు ఇథెల్ ఒక్కడే పగలు గొర్రెలనూ రాత్రి తల్లినీ చూసుకున్నాడు. మెర్విన్ ఎక్కడో నాటకంలో ఉన్నాడు. తల్లి ఖననం రోజు పొద్దున వచ్చాడు, చర్చిలో ప్రార్థన జరుగుతుంటే చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. బయటికి వచ్చాక, గుడి వాకిట్లో ఊరంతా చూస్తుండగా, ఇథెల్ అన్న దగ్గరికి వెళ్లి అన్నాడు:

"ఇక్కడ కెమెరాలు లేవు అన్నా. ఆ కన్నీళ్లు దాచుకో. జీతమిచ్చే చోట పనికొస్తాయి."

ఎవరో ఒకరు నవ్వారు కూడా. మెర్విన్ మొహం తుడుచుకున్నాడు. కారెక్కి, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయాడు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. అయినా తీసుకోవడానికి ఇథెల్‌కు ఒక అవకాశం వచ్చింది. ఏడాది తర్వాత, తల్లికి మందులివ్వడానికి వచ్చిపోయిన నర్సు సంతలో కనపడి మాటల మధ్యలో అసలు సంగతి చెప్పింది. పగలు ఇథెల్ గొర్రెల దగ్గర ఉన్నప్పుడు మెర్విన్ రోజూ ఫోన్ చేసేవాడట, వస్తానని. తల్లే వద్దందట. "జలుబురా, అంతే. నీ పని చెడగొట్టుకోకు," అని నవ్వుతూ అబద్ధం ఆడేదట. కొడుకు నాటకం ఆగిపోతుందని ఆ తల్లి బెంగ. ఇథెల్ ఆ రోజు గొర్రెల్ని అమ్మకుండానే ఇంటికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాడు. అలా ఎనిమిదేళ్లు అనుకున్నాడు. పౌరుషం ఉన్నవాడికి సిగ్గు కూడా తోడైతే అంతే, అన్న చావుకు వెళ్లి ఆఖరి వరసలో నిలబడి, వదిన కంట పడకుండా వెనక్కి రావడమే మిగులుతుంది.

రేపు చెబుతానన్నవాడు మరుసటి రోజు తనే హెలెద్‌కు ఫోన్ చేసి వస్తానన్నాడు.

స్టూడియో గది ఇథెల్ కొట్టంలో పావు వంతు కూడా లేదు. గోడలకు మెత్తలు, ఎదురుగా తెర, ఒక మైకు, అద్దం అవతల మిషన్ల గది. హెలెద్ అతనికి కూతురి ఈడు పిల్ల, మాట మెత్తన. ముందుగా ఒక మాట తీసుకుంది. ఈ సంగతి నెరిస్‌తో ఎప్పుడూ అనకూడదని. ఆవిడ మనశ్శాంతి అంతా దాని మీదే ఉందని. ఇథెల్ సరేనన్నాడు. అతను వచ్చింది తన పని మీద. అన్న గొంతు ఒకసారి వినాలి. ఆ గొంతులో తన పేరు వినపడుతుందేమో చూడాలి.

సముద్రపొడ్డున రికార్డయింది వినిపించమని అడిగాడు. రాజు బట్టల్లో దాచిన మైకు, మాటకూ మాటకూ మధ్యలో కూడా అన్నీ పట్టుకుందట. గాలి హోరులోంచి మెర్విన్ వచ్చాడు. ఇసకలో పడుకోబెట్టి మోకాలు పట్టేసిందని తిట్టాడు. టీలో పంచదార ఎవరు పోశారు, నన్ను ముందే చంపేద్దామనా, అన్నాడు. అదిగో ఆ గుర్రం నన్ను చూసి నవ్వుతోంది, దానికెంత ఇస్తున్నారు, అన్నాడు. ఇథెల్ పైకే నవ్వేశాడు. తొమ్మిదేళ్ల తర్వాత అన్న జోకుకు నవ్వాడు.

"ఇంకేమైనా మాట్లాడాడా అమ్మా?" అని అడిగాడు.

హెలెద్‌కు అర్థమైనట్టుంది. ఉన్నదంతా వినిపించింది. నలభై నిమిషాలు. వాతావరణం, నడుం నొప్పి, నెరిస్‌కు పుట్టినరోజుకి ఏం కొనాలి, భోజనం ఎప్పుడు. ఇథెల్ పేరు లేదు. ఇల్లు లేదు, అమ్మ లేదు. చివర గాలి తప్ప ఏమీ మిగల్లేదు. తిట్టి ఉన్నా బాగుండేదని ఇథెల్‌కు అనిపించింది. తిట్టడానికైనా గుర్తుకు రావాలి కదా.

పని మొదలైంది. చెవిలో మూడు సార్లు కీచుమంటుంది, తెర మీద ఒక తెల్ల గీత నడిచొస్తుంది, అది అంచుకు తగిలిన క్షణంలో నోరు తెరవాలి. మొదట్లో రాజు నోరు మూసుకున్నాక ఇథెల్ మాట వచ్చేది. గొర్రెల్ని పిలవడం తప్ప ఏ కళా తెలియని మనిషి. పడుకున్నవాడి గొంతు నిలబడితే రాదని హెలెద్ అతన్ని కింద తివాచీ మీద పడుకోబెట్టి మైకు కిందికి దించింది. కప్పు వైపు చూస్తూ, పెదాల కదలిక పక్కనుంచి గమనిస్తూ, మధ్యాహ్నానికి పది డైలాగులు అయ్యాయి. మూలుగులు కూడా అయ్యాయి.

మిగిలింది ఆఖరిది. ఇథెల్ వాళ్ల నాయనమ్మ చెప్పిన కథలో రాజు తమ్ముణ్ణి ఏడు తరాలకు సరిపడా శపించి మరీ చస్తాడు. ఆ శాపం వింటూ పిల్లలు దుప్పట్లో దూరేవాళ్లు. టీవీ వాళ్లకు శాపాలతో గిట్టుబాటు కాదు, ఆదివారం సాయంత్రం జనం కళ్లొత్తుకోవాలి. అందుకని మార్చేశారు. కాగితం మీద ఇలా ఉంది: "తమ్ముడూ, దగ్గరికి రా. నీ మీద కోపం నాకు ఆ రోజే పోయింది. అది చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది."

ఐదు సార్లు చెప్పాడు. ఐదు సార్లూ చదివినట్టే ఉంది.

"రాజుని వదిలేయండి ఇథెల్ గారూ," అంది హెలెద్. "మీరు ఎవరికైనా చెప్పాలనుకున్నట్టు చెప్పండి."

తను చెప్పాలనుకున్నది ఇది కాదు, తను వినాలనుకున్నది ఇది. ఆ సంగతి ఆ పిల్లకు ఎలా చెబుతాడు? కళ్లు మూసుకుంటే పెదాల కదలిక కనపడదు. అయినా మూసుకున్నాడు. ఎనిమిదేళ్లలో ఏదో ఒక రోజు తను ఫోన్ చేసి ఉంటే, అవతల అన్న ఎలా మాట్లాడి ఉండేవాడో అలా, తొందర లేకుండా, కాస్త నవ్వు కలిపి, పలికాడు. కళ్లు తెరిచేసరికి అద్దం అవతల హెలెద్ తల వంచుకుని ఉంది. "అదే," అంది. పెదాలకు సరిగ్గా అతుక్కుందట.

ఏప్రిల్ చివర్లో, గొర్రెల ఈతలు అయిపోయే సమయానికి, నెరిస్ నుంచి ఫోన్. సీరియల్ ఆఖరి భాగం ఆదివారం సాయంత్రం వస్తుందని, ఒంటరిగా చూడలేనని, రమ్మని. తొమ్మిదేళ్లలో ఆమె పిలవడం అదే మొదలు. ఇథెల్ గడ్డం గీసుకుని, ఖననాలకు వేసుకునే కోటు వేసుకుని వెళ్లాడు.

తలుపు తీసినామె అతను "వదినా" అనగానే ఒక క్షణం కళ్లు మూసుకుంది.

"ఇంకోసారి పిలువు," అంది. పిలిచాడు. "దేవుడు మొహాలు రెండు చేసి గొంతు ఒకటే ఇచ్చాడు మీకు. పిసినారి," అని లోపలికి దారి ఇచ్చింది.

టీ పెట్టింది. ఎండుద్రాక్ష రొట్టె కోసి వెన్న రాసి ఇచ్చింది. మెర్విన్ ఖననం రోజు అతను వెనక వరసలో ఉండటం చూశానని, పిలుద్దామంటే కాళ్లు రాలేదని చెప్పింది. గుడి వాకిటి మాట ఆమె ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. ఆమె ఎంత పలచబడిపోయిందో చూస్తూ కూర్చున్నాడు.

సీరియల్ మొదలైంది. యుద్ధాలు, గుర్రాలు, పొగమంచు. మెర్విన్ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ నెరిస్ పెదాలు కదిపేది. ఇంట్లో ఆ మాటలన్నీ ఆయనకు వల్లె వేయించింది తనేనట. ఆఖరి ఘట్టం వచ్చింది. ఇసక మీద రాజు. పక్కన మోకరిల్లిన తమ్ముడు. ఇథెల్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, దగ్గరికి రా," అన్నాడు రాజు. "నీ మీద కోపం నాకు ఆ రోజే పోయింది. అది చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది."

అన్న మొహంలోంచి తన గొంతు. ఎక్కడా అతుకు కనపడలేదు. అది తను పలికిందేనని తెలిసి కూడా ఇథెల్ తెర వైపు ఒరిగాడు.

నెరిస్ రిమోట్ తీసుకుని బొమ్మ ఆపింది. ఏడుస్తోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"విన్నావా?" అంది. "అది ఆయనదే ఇథెల్. ఏవేవో అతికించారని నాకు తెలుసు, అడగను. ఇది మాత్రం ఆయనదే. నలభై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలీదా? ఇంట్లో ఎన్నిసార్లు వల్లించినా ఈ మాట దగ్గర ఆగిపోయేవాడు. కాగితం పక్కన పెట్టేసి లేచి వెళ్లిపోయేవాడు. ఒడ్డు మీద చెప్పగలిగాడు. ఆ వేషగాడితో కాదు, నీతో చెప్పాడు."

 ఇథెల్ నాలుక చివరన ఉంది నిజం. అది నేను వదినా, తివాచీ మీద పడుకుని నేనే చెప్పాను, అన్నయ్య గాలిలో ఏమన్నాడో ఎవరికీ తెలీదు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో ఈమె మొగుడు ఇంకోసారి చచ్చిపోతాడు. గుడి వాకిట్లో ఒక మాట అన్నందుకు తొమ్మిదేళ్లు పోయాయి. ఈసారి నోరు మూసుకున్నాడు.

"జవాబు చెప్పు," అంది నెరిస్. తెర వైపు చెయ్యి చూపించింది. "ఊరికే కూర్చుంటావేం? అన్న పిలిచాడు. చెప్పు."

తెర మీద మెర్విన్ కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. ఇథెల్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు, అన్న ముందు కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"తప్పు నాది అన్నా," అన్నాడు. "అమ్మ నీకు అబద్ధం చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. తెలిసీ ఫోన్ చెయ్యలేదు. ఊరంతటి ముందు నిన్ను అంత మాట అన్నాను. నన్ను..."

నెరిస్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. విన్నాడులే, అంది. ఇంక ఆయనకూ బెంగ లేదు, నీకూ లేదు, అంది. ఆమె మాత్రం నిజంగానే తేలికపడింది. ఇథెల్ ఏడుస్తున్నాడు. క్షమించమని అడిగింది తనే, క్షమించిందీ తనే. అన్న ఆ రెండింట్లోనూ లేడు. ఆ సంగతి ఈ భూమ్మీద ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు.

"ఇంకోసారి పెట్టనా?" అని అడిగింది నెరిస్, రిమోట్ తీసుకుంటూ.

"పెట్టు వదినా," అన్నాడు ఇథెల్.