నొప్పి లేని చెయ్యి

తాండూరులో షాబాద్ బండలు పాలిష్ చేసే యూనిట్‌లో బండ జారి సాకిబ్ ముంజేతి మీద పడింది. వికారాబాద్‌లోని మా ఆసుపత్రికి తెచ్చేసరికి రెండు ఎముకలూ విరిగి ఉన్నాయి. కుడిచెయ్యి. తల్లి ఖాదర్‌బీకి ఆ చెయ్యే ఆధారం.

"బండ కింద నలిగిన చెయ్యి. మత్తు తొందరగా దిగిపోయేదే ఇవ్వు" అని ఆపరేషన్ చేసే మహేష్ సార్ ముందే చెప్పాడు. లోపల వాపు పెరిగి చేతికి నెత్తురు అందకపోతే, ఆ సంగతి మొదట చెప్పేది నొప్పే. నాకు తెలియదా? మత్తు డాక్టర్ని నేను. అల్ట్రాసౌండ్ మిషన్ వచ్చి నెల కూడా కాలేదు, నా కాళ్లు నేల మీద లేవు.

భుజం దగ్గర, మెడ కింది ఎముక పైన ప్రోబ్ పెట్టగానే చేతి నరాలు తెర మీద చిన్న ద్రాక్షగుత్తిలా కనబడ్డాయి. సూది మొన నా కళ్లముందే వాటి పక్కకు చేరింది.

"జర నొప్పి లేకుంట చూడుండ్రి మేడం" అని సాకిబ్ బతిమాలాడు.

జాలేసింది. రాత్రిదాకా మత్తు దిగకుండా ఇంకో మందు కలిపాను. సార్‌కి చెప్పలేదు.

పదకొండుకల్లా ఎముకలకు ప్లేట్లు వేసేశారు. రెండింటికి ఖాదర్‌బీ నా గదికి వచ్చింది.

"డాక్టరమ్మా, పిలగాని చెయ్యి రాయి లెక్క అయింది. వేళ్లు సల్లగున్నయ్. నాకు ఫికరైతుంది."

వార్డుకెళ్లి, "నొప్పుందా సాకిబ్?" అన్నాను.

"అస్సల్లేదు మేడం. మస్తుగుంది."

"విన్నావా అమ్మా? వాడే లేదంటుంటే నీకెందుకు పరేషాన్?" అని నవ్వాను. నేనే మొద్దుబార్చిన చేతిని నొప్పుందా అని అడుగుతున్నానన్న ఇంగితం లేకపోయింది నాకు. నాలుగింటికి మళ్లీ వస్తే కసిరి పంపాను.

ఆరింటికి రౌండ్స్‌కి వచ్చిన మహేష్ సార్ కట్టు విప్పాడు. వేళ్లు నల్లబడ్డాయి. వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లి, చర్మం కోసి బిగువు వదిలించినా లాభం లేకపోయింది. లోపల కండరం చచ్చిపోయింది.

"ఏమిచ్చావ్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

రెండ్రోజులు వార్డు గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. మూడోరోజు చెయ్యి మోచేతి దగ్గర తీసేయక తప్పదని తేలాక లోపలికి వెళ్లాను. నన్ను చూడగానే సాకిబ్ మొహం తేటపడింది.

"మల్ల మీరే ఇయ్యుండ్రి మేడం సూది. మీ హస్తవాసి మంచిది. గా దినం జర్రంత సుత నొప్పి తెల్వలే."

"సాకిబ్, తప్పు..." అని మొదలుపెట్టాను.

ఖాదర్‌బీ నా మణికట్టు గట్టిగా పట్టుకుని గుమ్మం బయటికి లాక్కొచ్చింది.

"గా సూదే నొప్పిని దాసిందని నాకెర్కే డాక్టరమ్మా. ఇప్పుడు చెప్పకుండ్రి. మీ మీద భరోసతోనే ఆపరేషన్‌కు పోతుండు. పోనియ్యుండ్రి."