అద్దం మీది ఆవిరి

ఒర్నెల్లా చేతులు మోచేతుల దాకా కడిగి, తుడవకుండా గాలికి ఆరబెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె సెంటు పూసుకోలేదు. చలికాలంలో పగిలి నెత్తురొచ్చే వేళ్ళకు క్రీమైనా రాయలేదు. సూర్యుడి చుట్టూ వలయంలా ఉండే కరోనా వెదజల్లే అతినీలలోహిత కాంతిని పట్టే అద్దానికి ఆపాటి ఆవిరి సోకినా చాలు, గుడ్డిదైపోతుంది. పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది.

ఫ్లోరెన్స్ కొండమీది ఆ ప్రయోగశాలలో, రాకెట్లో అంతరిక్షానికి వెళ్ళాల్సిన పరికరానికి రూపం గీసింది ఆమే. సూర్యబింబాన్ని ఏ పళ్ళెంతో కప్పాలి, చుట్టూ మిగిలిన వెలుగును ఏ అద్దం ఎంత వాలులో అందుకోవాలి, అన్నీ ఆమె లెక్కలే. వ్యాసాలు అచ్చయినప్పుడు ఆమె పేరు పద్నాలుగోదిగా ఉండేది. అందుకామె ఎన్నడూ నోరెత్తలేదు.

ఈరోజు ఎత్తింది. అద్దాన్ని పట్టి ఉంచే జిగురును ఆమెకు చెప్పకుండా మార్చేశారు. అనుమానమొచ్చి, ఆ జిగురు పక్కన ఒక చిన్న అద్దం పెట్టి గాలి తీసేసిన పెట్టెలో పది రోజులు పరీక్షించింది. జిగురులోంచి వచ్చిన ఆవిరికి అద్దం చూపులో మూడో వంతు పోయింది.

పరికరం పంపడానికి సిద్ధమని రాసిన కాగితం డైరెక్టర్ బల్దస్సారి సంతకానికి పట్టుకొచ్చాడు. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే.

"రేప్పొద్దున లారీ బయల్దేరుతుందండీ. మూడో వంతేగా పోయింది!"

"పది రోజులకే మూడో వంతు. ఏడేళ్ళు పనిచెయ్యాలది. లెక్కలు మర్చిపోయావా నాయనా?"

"రాకెట్ మనకోసం ఆగదు కదండీ."

"ఆగకపోతే పోనీ! సూర్యుడెక్కడికీ పోడు. గుడ్డిదాన్ని పైకి పంపి ఏం చూస్తావ్?"

అతను తల దించుకున్నాడు. "సంతకం మీరు పెట్టకపోతే నేనే పెట్టేస్తాను."

"పెట్టుకో. నా పేరు మాత్రం దాని మీద ఉండదు."

అతను వెళ్ళిపోయాక ఆమె తాను గీసిన పరికరం పటాలన్నీ బల్ల మీద పరిచింది. నలభై ఒక్క కాగితాలు. ఎర్ర కలంతో ఒక్కో దాని మూలన తన పేరు కొట్టేస్తూ పోయింది. మెకానిక్ తుల్లియో గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"కాఫీ తాగుదాం రావమ్మా, ఒర్నెల్లా."

"ఇప్పుడిస్తే కప్పు పగలగొడతాను, పో."

మర్నాడు లారీ వెళ్ళింది. ఆమె రాలేదు. పదవీ విరమణకింకా ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరోజూ రాలేదు.

బల్ల మీద ఆఖరి పటం అలాగే ఉంది. కొట్టిన కొట్టుడుకి కాగితం చిరిగి, పేరున్న చోట చిల్లు పడింది. ఆ చిల్లులోంచి కింది చెక్క కనిపిస్తోంది.