తొడిమల తోడు

"గిన్నె ఊడ్చి పెట్టారు కదండీ! తోడుకి చెంచాడైనా ఉంచొద్దూ?" అని మళ్ళీ మొదలుపెట్టింది సుగుణకుమారి.

"రోడ్డు దాటితే కొట్టుంది. దానికింత రాద్ధాంతమా?" ఎయిర్‌పోర్టు డ్యూటీ నుంచి వచ్చిన ప్రేమ్‌నాథ్ బూట్లు విప్పుతూ అన్నాడు. "నువ్వు పోతానంటున్న దీవిలో తోడెవరిస్తారు? గొర్రెలా?"

అసలు గొడవ పెరుగు గురించి కాదు. గుంటూరులో స్టాఫ్ నర్సుగా చేసిన సుగుణ, లండన్‌లోని హౌన్స్‌లో అనే పేటకి వచ్చాక వృద్ధుల కేర్ హోములో ఆయాలాంటి కేరర్‌గానే ఉండిపోయింది. ఇక్కడి నర్సింగ్ పరీక్ష ఈమధ్యే పాసైంది. స్కాట్లాండ్‌కి పైనున్న దీవిలో ఓ చిన్న ఆసుపత్రివాళ్ళు నర్సుగా రమ్మన్నారు, ఇల్లు కూడా ఇస్తామన్నారు. సోమవారం ఫోన్ చేసి ఏ సంగతీ చెప్పాలి. ఇక్కడేమో ఇంకో కుటుంబంతో కలిసి అద్దె ఇల్లు. ఫ్రిజ్‌లో ఒక్క అర వీళ్ళది.

"తెలుగు చర్చి లేదు. పలకరించే మనిషి లేడు. గోంగూర సంగతి సరేసరి," అంటాడు ప్రేమ్‌నాథ్. పైకి ఎగతాళే కానీ లోపలున్నది భయమని ఆమెకి తెలుసు.

సోఫాలో హోంవర్క్ చేసుకుంటున్న కూతురు జెస్లిన్ తలెత్తింది. పూర్వం అమెరికాలో ఎడ్లబండ్ల మీద పడమటికి వెళ్ళి, ఎవరూ లేనిచోట కాపురాలు పెట్టిన ఆడవాళ్ళ గురించి క్లాసులో చెప్పాలట. రొట్టె పొంగడానికి పులిసిన పిండి వెంట తీసుకెళ్ళేవాళ్ళనీ, చలికి పాడవకుండా పక్కలో పెట్టుకు పడుకునేవాళ్ళనీ గబగబా ఇంగ్లీషులో చెప్పేసింది.

"అయితే వాళ్ళూ తోడు మోసుకెళ్ళారన్నమాట," అంది సుగుణ.

"మమ్మీ, వాట్స్ తోడు?"

"పాలల్లో వేసేదీ తోడే. పక్కన నిలబడేదీ తోడే."

అని లేచి పాలు కాచింది. గోరువెచ్చగా అయ్యాక నాలుగు ఎండుమిరపకాయల తొడిమలు తుంచి అందులో వేసి, గిన్నె వెచ్చగా ఉండే బాయిలర్ అలమరలో పెట్టింది.

"పెరుగా, పచ్చడా?" అన్నాడు ప్రేమ్‌నాథ్.

"నర్సింగ్ హాస్టల్లో ఇలాగే పెట్టుకునేవాళ్ళం."

"అది తోడుకుంటే నేనూ దీవికి వచ్చేస్తాలే!"

మర్నాడు మూత తీస్తే పల్చగా, జిగటగా ఉంది. ప్రేమ్‌నాథ్ గరిటెతో ఎత్తి చూపించాడు. "సాగుతోందే! చూశావా, దేవుడే వద్దంటున్నాడు."

"ఈ మాటకి దేవుడెందుకు? మొదటి గిన్నె తినడానికి కాదండీ. తోడుకి." తొడిమలు ఏరి పారేసి, అందులోంచి ఓ చెంచా తీసి కొత్త పాలల్లో కలిపింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నారు. సుగుణ గిన్నె తెచ్చి పక్కకి వంచింది. పెరుగు కదల్లేదు. జెస్లిన్ చప్పట్లు కొట్టింది. ప్రేమ్‌నాథ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. మూడోసారి గరిటె ముంచబోయి ఆగి, అడుగున కాస్త ఉంచి మూత పెట్టాడు.

సుగుణ అది చూసింది. చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేసింది.

"రేపు ఫోన్ చేసి వస్తున్నానని చెప్తాను," అంది నెమ్మదిగా. "ముందు నేనొక్కదాన్నే వెళ్తాను. అక్కడ తోడుకున్నాక మీరిద్దరూ వద్దురుగాని."