రెండు గుటకల కాఫీ

సన్నటి దార.

చిన్నపిల్ల జడ కొసంత సన్నం. ముందు నల్లగా దిగుతుంది. తర్వాత ఎర్రమన్ను రంగు. చివరికి తేనె.

కప్పులో పడుతూ పడుతూ నురగ కడుతుంది. అప్పుడు లేస్తుంది వాసన — వంటింట్లోంచి ముందు గదిలోకి, ముందు గదిలోంచి వాకిట్లోకి.

మా ఇస్నాపూర్‌లో తెల్లవారుజామున గాలికి ఇంకో వాసన ఉంటుంది. ఒకరోజు కుళ్ళిన గుడ్డు. ఒకరోజు గోళ్ళరంగు. ఒకరోజు ఏదో తియ్యగా, గొంతులో గీరుకునేలా... చుట్టూ కంపెనీలు వదిలినవన్నీ పొద్దున్నే వచ్చి గడపలో కూర్చుంటాయి.

వాటిని ఈ రెండు గుటకల కాఫీ బయటికి తోసేస్తుంది. కాసేపు.

ఆ కాసేపు చాలు నాకు.

నిజానికి నేను చాయ్ మనిషిని. మా అత్తగారింట్లో, మా అమ్మగారింట్లో కాఫీ అన్న మాట జ్వరం వచ్చినప్పుడు కూడా వినలేదు. అరవయ్యో ఏట నాకు కాఫీ నేర్పింది నా కొడుకు యాదన్న.

యాదన్న పాశమైలారంలో ఓ మందుల కంపెనీలో ఆపరేటర్. రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో ఇటలీ నుంచి సరుకు కొనేవాళ్ళ మనిషి తనిఖీకి వచ్చాడు. మన చాయ్ ఆయన గొంతు దిగలేదట, పాపం. సంచీలో తన కాఫీ యంత్రం తానే తెచ్చుకున్నాడు. మూడో రోజు దాని రబ్బరు రింగు తెగింది. పైపులకు వేసే రబ్బరు పలక కోసి యాదన్న కొత్త రింగు చేసి బిగించాడు. పోయేటప్పుడు ఆయన ఆ యంత్రాన్ని యాదన్న చేతుల్లోనే పెట్టి పోయాడు.

ఎంతో పెద్దది కాదు. చేత్తో పట్టుకునేంత. సగం సైకిల్ పంపు, సగం చెంబు. పిడి లాగి నొక్కితే పొట్టలో గాలి బిగుస్తుంది. పక్కన చిన్న గడియారం లాంటి బిళ్ళ, అందులో ఒక ముల్లు. ముల్లు ఆకుపచ్చ గీత మీదికి రావాలి. దాటకూడదు.

మొదటిరోజు మనవరాలు శ్రావణి వీధంతా చాటింది.

"అవ్వా, డాడీ కాఫీకి గాలి కొడ్తుండు! పంచరైందంట!"

కోడలు పుష్ప కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "గింతంత కాఫీకి గంత తతంగమా? చీమ పెండ్లికి ఏనుగు బాజా!"

నెల రోజులు కాఫీ రాలేదు. కోపం వచ్చింది. కొట్లో దొరికే పొడిలో చికోరీ కలుస్తుంది — అది యంత్రం గిన్నె రంధ్రాలకు బంకలా పట్టుకుంది. సికింద్రాబాద్ పోయి వేయించిన గింజలు తెచ్చాడు. మిక్సీలో వేస్తే సగం పిండి, సగం నూక.

అప్పుడు నేను నా ఇసుర్రాయి దించాను.

పిండి కాకూడదు. రవ్వ కాకూడదు. రెంటికీ నడుమ. బొటనవేలితో అదిమితే పొడి మీద వేలిముద్ర నిలవాలి. పొడి లావైతే నీళ్ళు దొంగలా పారిపోతాయి — కాఫీ పుల్లగా, పల్చగా. మరీ మెత్తనైతే దార పడదు, బొట్టు బొట్టుగా ఏడుస్తుంది — కాకరకాయ చేదు. ఈ సంగతి ఇటలీ ఆయన చెప్పలేదు. కందులు, జొన్నలు, పెసలు — యాభై ఏళ్ళు ఇసిరిన చెయ్యి చెప్పింది.

పొడి చిన్న గిన్నెలో పోసి, తూకపు రాయితో సమంగా అదమాలి. కప్పును ముందే వేన్నీళ్ళతో వెచ్చబెట్టాలి. నీళ్ళు మరిగి, దించి, ఒక్క ఊపిరి ఆగి పొయ్యాలి. గిన్నె బిగించి, యంత్రాన్ని తలకిందులు చేసి, మీట నొక్కాలి.

సన్నటి దార.

యాదన్న కప్పు మీద వంగేవాడు. కళ్ళు మూసుకునేవాడు. తాగడం తర్వాత.

"ఇయ్యాల గింజ జెర మాడిందే అమ్మా."

"ఇసుర్రాయి కడిగి ఆరబెట్టలే నువ్వు. తడి వాసనొస్తున్నది."

ప్రతిరోజూ ఏదో ఒకటి. ప్రతిరోజూ నిజమే.

వాడి ముక్కు అలాంటిది. వీధి మలుపులోనే చెప్పేవాడు, ఇంట్లో ఏం కూరో. కంపెనీలో వాడికి ఆ ముక్కుతోనే గౌరవం. గ్యాసు లీకైతే కూసే మిషన్లు ఉన్నాయట అక్కడ. ఊరికే కూస్తున్నాయని వాటి మూతికి గుడ్డ కట్టారట. అందుకని షిఫ్టు మొదట్లో యాదన్నే ముందు లోపలికి నడవాలి, వెనక తోడుగా ఒక్క పాత మనిషి. పైపు అతుకు దగ్గరల్లా ఆగి, వాసన చూసి, చెయ్యి ఊపాలి. చెయ్యి ఊపితేనే మిగతా ఎనిమిది మంది లోపలికి అడుగుపెడతారు.

ఎనిమిది మంది. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే.

ఇక మా ఇంటి నీళ్ళ సంగతి.

రెండు బిందెలు. మూత ఉన్నది మంజీర నీళ్ళది, రోజు విడిచి రోజు నల్లాలో వచ్చేది. మూత లేనిది బోరు నీళ్ళది — బట్టలకు, బోళ్ళకు. బోరు నీళ్ళు నోట్లోకి పోవు. మా ఊళ్ళో పిల్లలకు నడక కంటే ముందు నేర్పే సంగతి ఇది.

యంత్రం వచ్చిన మూడేళ్ళకు, మొన్న శ్రావణ మాసం ఆఖర్లో ఒక పొద్దున... మూతను కడిగి ఆరబెట్టిన నేనే, దాన్ని తీసి బోరు నీళ్ళ బిందె మీద పెట్టాను.

నేనే.

ఒక కంటికి పొర వచ్చింది. కరెంటు లేదు. మూత చూశాను, ముంచాను, మరగబెట్టాను. నీళ్ళ వాసన తెలియలేదా అంటారా? ఆ పొద్దు బయటి గాలే అలా ఉంది. నీళ్ళ వాసన గాలి వాసనలో కలిసిపోయింది.

యాదన్న గాలి కొట్టాడు. నీళ్ళు పోశాడు. మీట నొక్కాడు.

నురగ కట్టింది. ఆవిరి లేచింది. అప్పుడు తగిలింది నాకు —

తుప్పు. ఫినాయిలు. నడుమ కాలిన రబ్బరు.

ఆగు బిడ్డా అనబోయాను. రెండు గుటకల కాఫీ అది. ఆపడానికి వ్యవధి ఎక్కడ?

వాడు కప్పు మీద వంగాడు. కళ్ళు మూసుకున్నాడు, రోజూలాగే. తాగాడు.

"మస్తుగున్నదే అమ్మా ఇయ్యాల."

టిఫిన్ డబ్బా తీసుకుని కంపెనీ బస్సుకు పోయాడు.

నేను అక్కడే నిలబడ్డాను. చేతిలో ఖాళీ కప్పు. అడుగున మిగిలిన చుక్కను కూడా ముక్కు భరించలేకపోతోంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి... పప్పు మాడితే పొగ చూసి లేచాడు తప్ప వాసనకు కాదు. కొత్త తొక్కు పచ్చడి నాకి, ఉప్పు సరిపోయిందన్నాడు. వాసన మాటే ఎత్తలేదు. గింజ మాడిందనీ, రాయి తడిగా ఉందనీ అని ఎన్ని నెలలైంది? నా ఇసురు బాగుపడిందనుకుని మురిసిపోయాను.

మురిసిపోయాను నేను.

సాదుల్లా ఇంటికి పోయాను. పన్నెండేళ్ళుగా యాదన్నతో ఒకే షిఫ్టు. మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. వాకిట్లో కూలర్ విప్పుకుని కూర్చున్నాడు. నా మొహం చూడగానే స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"యాదికి వాసన తెలుస్తలేదు, బేటా."

"నాకు ఎరుకే అమ్మీ. ఉగాది సంది."

"ఉగాది సందా!"

"నేను వాని ఎనకనే నడుస్త. నాకు వాసన తాకితే మోచేత్తోని పొడుస్త. వాడు చెయ్యి అడ్డం పెడ్తడు. పోరలకు వాడే వాసన సూసినట్టు కనబడ్తది."

"దవాఖానకు పోరాదుండె..."

"పోయినం. నరం సచ్చిందన్నరు. ఇగ రాదంట. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

కూలర్ రెక్క గాలికి తనంతట తాను తిరుగుతోంది. దాన్ని వేలితో ఆపాడు.

"ఒకటో తారీఖు సంది నన్ను వేరే యూనిట్ల ఏస్తున్నరు అమ్మీ. ఇగ పొడిసేటోడు లేడు."

"పెద్దసారుకు చెప్పరాదు?"

"చెప్తే వాని నౌకరి పోతది. ఐదు నెలలు దాసినందుకు నాదీ పోతది. చెప్పకుంటే..."

స్క్రూడ్రైవర్ అందుకుని, మళ్ళీ కింద పెట్టాడు.

"నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు చివరికి. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహమే పరేషాన్‌గా ఉంది.

ఒకటో తారీఖుకు నాలుగు పొద్దులు.

మొదటి పొద్దు. నీళ్ళు మరిగాయి. చెప్పాలి అనుకున్నాను. దార పడింది. చెప్పలేదు.

రెండో పొద్దు. వాడు కప్పు మీద వంగి కళ్ళు మూసుకున్నాడు. నా కోసమే మూసుకుంటున్నాడని తెలిసింది. చెప్పలేదు.

మూడో పొద్దు. శ్రావణి బడి ఫోటో తెచ్చి చూపించింది. పుష్ప కొత్త చెప్పుల మాట ఎత్తింది. వాడు అందరికీ సరే అన్నాడు. సరే, సరే, సరే... చెప్పలేదు.

కొడుకు పరువు ఒక పక్క. ఎనిమిది మంది తల్లులు ఒక పక్క. ఆ తల్లుల మొహాలు నేను చూడలేదు. కానీ ఇసుర్రాయి తిప్పినప్పుడల్లా, ఎదురుగా కూర్చుని ఎవరో నాతోపాటు పిడి పట్టుకున్నట్టుంది. గబగబా తిప్పుతున్నట్టుంది.

నాలుగో పొద్దు. ఒకటో తారీఖు.

పొడి లావు పడింది. మళ్ళీ ఇసరలేదు.

యాదన్న పీట మీద కూర్చుని గాలి కొడుతున్నాడు. యూనిఫాం ఇస్త్రీ చేసుంది. తల నున్నగా దువ్వుకున్నాడు.

"మొన్న నువ్వు మస్తుగున్నదన్న కాఫీ... బోరు నీళ్ళది, బిడ్డా."

గాలి కొట్టే చెయ్యి ఆగలేదు.

"మూత మార్చి పెట్టిన. నా తప్పే. అయినా నువ్వు తాగినవు."

"కడుపుల ఏం గాలేదు తీ," అని నవ్వాడు.

"నవ్వకు."

గాలి కొడుతూనే ఉన్నాడు. ముల్లు ఆకుపచ్చ గీత మీదికి వచ్చింది. దాటింది. పదిహేనేళ్ళ నౌకరీలో ముల్లును గీత దాటనివ్వని మనిషి... ఇంకా కొడుతున్నాడు. వాడి చేతి మీద చెయ్యి వేశాను.

ఆగాడు.

"సాదుల్లా చెప్పిండా?"

"నేనే పోయి అడిగిన. ఆఫీసుల నువ్వే చెప్పు యాదీ. ఇయ్యాలనే చెప్పు. ఇంకోడు చెప్పేదాంక పోనియ్యకు."

వాడు యంత్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. కొంచెం గాలి వదిలాడు. బుస్సుమంది.

"చెప్తే ఇగ నేనెవన్నే అమ్మా?"

కప్పులో వెచ్చబెట్టిన నీళ్ళు పారబోసి వాడి ముందు పెట్టాను.

నీళ్ళు పోశాడు. తలకిందులు చేశాడు. మీట నొక్కాడు. దార లావుగా, తొందరగా పడిపోయింది. పల్చటి నురగ. కప్పు తాను తీసుకోలేదు. నా వైపు జరిపాడు.

"సూసి చెప్పు. ఎట్లున్నది?"

"పుల్లగుంటది. పొడి లావైంది..."

"గది నాకు కనబడ్తనే ఉన్నది. వాసన చెప్పు."

వంగాను.

"నువ్వులు ఏంచుతుంటే ఒక్కటి చిట్లినట్టు," అన్నాను.

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నా కోసం కాదు.

"ఇంకా."

"అడుగంటిన బెల్లం పాకం. దానెనక జెర నిమ్మతొక్క... మీ తాత సుట్ట కాలిస్తే ఆయన అంగికి ఉండేది, గా వాసన, కొంచెమే."

"ఇంకా చెప్పు."

మలుపులో కంపెనీ బస్సు హారన్ కొట్టింది.

చెప్పాను. ఎండిన చింతపండు అన్నాను. కొత్త కుండలో పోసిన మొదటి నీళ్ళు అన్నాను. కాఫీలో ఉన్నవీ చెప్పాను, లేనివీ చెప్పాను. వాడు తాగుతున్నట్టే గొంతు కదిలించాడు, ప్రతి మాటకూ.

రెండో హారన్.

పుష్ప లోపలినుంచి డబ్బా తెచ్చి వాడి పక్కన పెట్టింది. మా ఇద్దరి మొహాలు చూసింది. నిలబడిపోయింది.

పోవాలా, వద్దా? అక్కడ ఎనిమిది మంది ఒక తలుపు దగ్గర నిలబడి, ఒక చెయ్యి ఊపుతుందని చూస్తుంటారు.

కప్పులో నురగ విడిపోతోంది. ఒక కన్నంత చిల్లు. పక్కన ఇంకో కన్ను. కింద నలుపు.

"బయట గాలి," అన్నాడు వాడు, కళ్ళు తెరవకుండానే. "ఇయ్యాల ఏం వాసనొస్తున్నదే అమ్మా?"

కుళ్ళిన గుడ్డు వాసన గడపలోంచి వస్తోంది. నాకు తెలుస్తోంది.

మూడో హారన్...