స్లాబు నాటి క్వార్టరు

పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి సీసాలను పెరట్లోకి విసిరికొట్టిన అలివేలమ్మ, ఆ ఉదయం వంటింట్లో నిలబడి ఖాళీ బ్రాందీ క్వార్టరు సీసాకు గరాటు పెట్టి టీ డికాషను పోస్తోంది. పక్కన దేవరాజులు మేస్త్రి గుమ్మం వైపు చూస్తూ దొంగసారా కాచేవాడిలా కాపలా కాస్తున్నాడు.

"ఇంగ కొంచెం నీళ్ళు కలుపు. మరీ నల్లగా ఉండాది. చూసినోడు బ్రాందీ అనుకోవాల గానీ కషాయం అనుకోకూడదు."

"తాగినన్నాళ్ళు తాగతావని తిడితిని. మానేసినాకైనా నిమ్మళంగా ఉందామంటే ఈ ఏషాలొగటి," అంది అలివేలమ్మ. "చక్కెర వేసేదా?"

"వొద్దు. షుగరు ఉండాది కదా."

"దొంగ తాగుడికి పత్యమొగటి!" అని ఆమె మూత బిగించి, కొంగుతో సీసా తుడిచి మరీ ఇచ్చింది.

గుడియాత్తంలో ఇల్లు కట్టుకునేవాళ్ళకు దేవరాజులు పేరు తెలియకుండా ఉండదు. పునాది నుంచి గృహప్రవేశం దాకా తనదే పూచీ అంటాడు, ఆ మాట మీదే నిలబడతాడు. స్లాబు వేసే రోజు మాత్రం ఆయనకు పండగే. వేలూరు నుంచి మిక్సరు మిషను తోలుకుని లోగనాథన్ వస్తాడు. పొద్దు వాలేలోపు కాంక్రీటు పని ముగుస్తుంది. ఇంటి యజమాని అందరికీ బిర్యానీ పెట్టి మేస్త్రి చేతికి సీసాలు అందిస్తాడు. ఆ తరువాత దేవరాజులు, లోగనాథన్ ఒక మూలన కూర్చుని గ్లాసులు నింపుకుంటారు. ఇద్దరి మీసాలూ నల్లగా ఉన్న కాలం నుంచీ సాగుతున్న ఆచారం ఇది. మిగతా రోజుల్లో ఒకరింటికి ఒకరు పోయిందీ లేదు, ఊరికే ఫోను చేసి బాగున్నావా అని అడిగిందీ లేదు. స్లాబు పడితేనే కలయిక, సీసా తెరిస్తేనే మాట.

అంతటి మనిషి మానేశాడంటే అది మనవరాలు హేమప్రియ పుణ్యం. పోయిన ఎండాకాలం ఒక స్లాబు ముగించుకుని ఇంటికొచ్చి, వరండాలో కూర్చుని గొప్ప ప్రసంగం చేశాడు. ఆ పిల్ల దాన్ని ఫోనులో పట్టేసి, పొద్దున కాఫీతో పాటు తాత చేతికిచ్చింది. నాలుగు చుక్కలు పడితే తనంత మాటకారి లేడని దేవరాజులు నమ్మకం. తీరా వింటే, సిమెంటు ధర గురించి మొదలుపెట్టి, చెప్పిందే చెప్పి, మధ్యలో ఒక జోకు ఎత్తుకుని, తన జోకుకు తానే పడిపడి నవ్వి, దాని చివర ఏమిటో మరిచిపోయి, మళ్ళీ సిమెంటు ధరకే వచ్చాడు. తాగి వాగినందుకు ఆయనకు సిగ్గేయలేదు, అది మామూలే. కానీ ఆ జోకు అస్సలు బాగాలేదు. ఇన్నేళ్ళూ లోగనాథన్ కడుపు పట్టుకుని నవ్వింది దీనికా అనుకుంటే ప్రాణం చివుక్కుమంది. ఆ రోజు నుంచి మళ్ళీ ముట్టలేదు.

మానడం సులభమే అయింది, మానానని చెప్పడమే చావుకొచ్చింది. ఎందుకంటే ఈ జట్టులో ఒకప్పుడు మూడోవాడు ఉండేవాడు. పేర్ణాంబట్టు ఊరి రంగరాజులు, స్లాబు కింద చెక్కలు బిగించే సెంట్రింగు పని వాడిది. కొన్నేళ్ళ కిందట అతను తాగుడు మానేసి, ఒక స్లాబు నాడు సోడా పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. "పాల సీసా తెచ్చుకోలేదా నాయనా?" అని దేవరాజులు, "వాడిని ఒళ్ళో పండేసుకో బావా" అని లోగనాథన్ ఆడుకున్నారు. రంగరాజులు కూడా నవ్వాడు, నవ్వుతూనే లేచి పోయాడు. ఆ తరువాత సెంట్రింగు పనికి కొడుకును పంపుతున్నాడే గానీ తాను రావడం మానేశాడు. గొడవ పడిందీ లేదు, తెగదెంపులు చేసుకుందీ లేదు. ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు, అంతే. ఇప్పుడు తానూ సోడా పట్టుకుంటే ఇద్దరు ఒక్కరవుతారు. లోగనాథన్‌ను పోగొట్టుకోవడం కంటే చేదు డికాషను మింగడమే మేలని దేవరాజులు తీర్మానించుకున్నాడు.

ఆ రోజు స్లాబు జానకిరామన్ అనే రిటైరయిన బడిపంతులుది. పని బాగా సాగింది. మిక్సరు పొద్దున్నుంచీ గరగరమని తిరిగింది, తట్టలు చేతులు మారుతూ పైకెక్కాయి, ఎండ మాడ్చింది, అయినా ఒక్క చోట కూడా ఆగకుండా కాంక్రీటు పడింది. బిర్యానీ తిన్నాక పంతులుగారు ఆచారం తప్పకుండా ఒక సంచీ తెచ్చి మధ్యలో పెట్టారు. అందులో సీసాలు గలగలమన్నాయి. ఒక్కడూ చెయ్యి చాపలేదు.

"ఏం తంబీ, తీసుకోండప్పా," అన్నాడు దేవరాజులు కుర్రకారులో ముందున్న రూపేష్‌తో.

"నాకొద్దు మేస్త్రీ. రాత్రి సరిగ్గా నిద్రపోకుంటే పొద్దున ఈ వాచీ తిడతాది. జిమ్ములో మాస్టరు అంతకన్నా ఎక్కువ తిడతాడు," అన్నాడు రూపేష్, మణికట్టు చూపిస్తూ. పక్కనున్న సురేంద్రన్ అందుకున్నాడు: "నేను తాగి తూలితే వీళ్ళే వీడియో తీసి గ్రూపులో వేస్తారు. పెండ్లి చూపులప్పుడు అదే చూపిస్తారు. సుమ్మనే లేనిపోని తంటా ఎందుకు మేస్త్రీ? ఐసుక్రీము ఉంటే చెప్పండి."

దేవరాజులుకు కోపం తన్నుకొచ్చింది. తన చేతిసంచిలో టీ డికాషను పెట్టుకుని కోప్పడ్డానికి మొహమెట్లా వచ్చిందో ఆయననే అడగాలి. "ఏం కాలమప్పా ఇది! స్లాబు వేసి ఐసుక్రీము నాకే మొగోళ్ళా! మా కాలంలో..." అని ఆయన ఎత్తుకోగానే, కూలి ఆడవాళ్ళలో పెద్దది పచ్చయమ్మ వచ్చి పంతులుగారి సంచీ ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"మీ కాలంలో మీ పెండ్లాలు ఏడ్చిరి. ఈ పిల్లోళ్ళు నయం. కర్పూరం కలిపి మోకాళ్ళకి రుద్దుకుంటాము, ఇట్లన్నా పనికొస్తాది," అని ఆమె నడిచిపోయింది. ఆమెకు ఎదురు చెప్పే మగవాడు గుడియాత్తంలో లేడు.

అందరూ వెళ్ళాక ఇద్దరు మిత్రులూ ఇసుక కుప్ప వెనక రెండు పెయింటు డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నారు. మధ్యలో సెంట్రింగు చెక్క, దాని మీద రెండు స్టీలు గ్లాసులు. ఇదివరకు ఒకే సీసాలోంచి ఇద్దరూ పోసుకునేవాళ్ళు. కొంతకాలంగా ఎవరి సీసా వారిదే. "మీ ఊరి సరుకు నాకు పడలేదు బావా, నాది వేలూర్నుంచే తెచ్చుకుంటా" అని లోగనాథన్ తానుగా అన్నప్పుడు, అడగకుండానే దారి దొరికిందని దేవరాజులు లోలోపల సంబరపడ్డాడు. అతని సీసాలోదీ మంచి ఎరుపు మీద నల్లగా ఘాటుగా కనిపించేది.

"ఏసుకో బావా."

"ఏసుకుంటి."

ఇద్దరూ గుటక వేసి మొహం చిట్లించారు. డికాషను చేదుకు దేవరాజులు మొహం దానంతట అదే చిట్లింది, నటించే పని తప్పింది. రెండో గ్లాసుకు నాలుక మందం చేసి మాట్లాడాలి, మూడో గ్లాసుకు ఎవరినైనా తిట్టాలి. ఈ క్రమం ఆయనకు కంఠతా వచ్చు. లోగనాథన్ కూడా లెక్క తప్పకుండా కళ్ళు వాలుస్తున్నాడు, తల ఊపుతున్నాడు. ఎప్పటిలాగే ఎంత బాగా ఎక్కిందో వీడికి అనుకుని దేవరాజులు కాస్త ఈర్ష్య కూడా పడ్డాడు.

అప్పుడు కనిపించాయి చీమలు.

ఇసుక కుప్ప అంచు నుంచి ఒక వరుస బయలుదేరి, చెక్క ఎక్కి, తన గ్లాసును కన్నెత్తి చూడకుండా పక్కనుంచి పోయి, లోగనాథన్ గ్లాసు చుట్టూ మూగింది. చెక్క మీద ఒలికిన రెండు చుక్కల దగ్గర తిరనాళ్ళ జనం. దేవరాజులు సిమెంటు దుమ్ముతో మూసుకుపోయిన ముక్కును గట్టిగా చీది, మాట్లాడే నెపంతో ముందుకు వంగి వాసన పట్టాడు. నన్నారి షర్బతు! ఎండాకాలం బస్టాండు ముందర నిమ్మకాయ పిండి అమ్మేదే.

ముందు ఒళ్ళు మండింది. ఒరే దొంగా, ఇన్ని స్లాబులుగా నేను గొంతు కోసే డికాషను మింగుతుంటే, నువ్వు చల్లగా తీయగా నన్నారి తాగుతున్నావా అనుకున్నాడు. ఆ తరువాత నవ్వు పొంగుకొచ్చింది. బయటపడితే మజా పోతుంది. వీడిని ఇంకొంచెం ఆడించాలి.

"ఏం బావా, ఈ పొద్దు నీకు ఎక్కినట్లే లేదే. ఒక పాటెత్తుకో," అన్నాడు.

లోగనాథన్ ఉలిక్కిపడి, గొంతు సవరించుకుని, శ్రుతి లేకుండా నాలుగు ముక్కలు పాడాడు. "లేచి ఆడు" అన్నాడు దేవరాజులు. పాపం లేచి, లుంగీ ఎగ్గట్టి, తూలినట్టు తూలి, నిజంగానే ఇసుకలో కాలు జారి కూలబడ్డాడు. దేవరాజులు పెదవి కొరుక్కున్నాడు. ఇంకొక్కటే మిగిలింది, ఏడుపు. నిషా తలకెక్కితే లోగనాథన్ ఒక పాత కథ చెప్పి తప్పకుండా ఏడుస్తాడు. వేలూరులో మూడంతస్తుల ఇల్లు కడుతుండగా నిలబడి పనిచేసే సారవ కర్రలు విరిగి లోగనాథన్ పైనుంచి వేలాడాడు. దేవరాజులు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ కథకు ఏడవని స్లాబు లేదు. నన్నారి తాగి ఏడుపు ఎట్లా తెస్తాడో చూడాలని దేవరాజులు డబ్బాను దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ వేలూరు సంగతి చెప్పు బావా."

లోగనాథన్ ఈసారి తూలకుండా లేచాడు. ఇసుక దులుపుకుని కూర్చుని, గ్లాసును చేతుల్లో తిప్పాడు. మాట్లాడినప్పుడు నాలుక మందం లేదు.

"ఆ పొద్దు నేను కింద చూసినా బావా. నీకెప్పుడూ చెప్పలేదు. కింద కంకర, కమ్మీలు. విడిచిపెడతావనుకున్నా. నీ చెయ్యి నెత్తుర్లు కారతా ఉండాది, నా మొహం మీద పడతా ఉండాది. అయినా విడిచిపెట్టలేదు. ఇంటికి పోయి పెండ్లానికి కూడా చెప్పలేదు నేను. తాగినప్పుడు తప్ప నా నోట్లోంచి ఈ మాట రాదు, ఏం చేసేది? నా సొంత అన్న కూడా అట్ల పట్టుకోడు." అతను గ్లాసును చెక్క మీద పెట్టాడు. "నువ్వు పట్టుకుంటివి, నిచ్చెన తెచ్చింది రంగడు. వాడిని మనమే పోగొట్టుకుంటిమి."

అతని బుగ్గల మీద సిమెంటు దుమ్ములో రెండు చారలు పడ్డాయి. దేవరాజులు ఆ చారలను చూశాడు, చీమలు మూగిన గ్లాసును చూశాడు. ఎవరికీ ఏడుపు తెప్పించే శక్తి నన్నారికి లేదు. ఇన్నేళ్ళూ సీసా ఏడ్చిందనుకున్నాడు. ఏడ్చింది లోగనాథనే. సీసా లేకపోతే ఈ స్నేహం లేదని తాను బెదిరిపోవడం ఎంత తెలివితక్కువో ఆయనకు ఒక్కసారిగా అర్థమయింది. ఎగతాళి ఎక్కడికి పోయిందో పోయింది, కళ్ళు మండాయి.

"నేను కూడా కింద చూసినా లోగా," అన్నాడు. "నువ్వు పోతే నేను ఇంగ సారవ ఎక్కేది లేదనుకున్నా. అందుకే పట్టుకున్నా."

ఈ మాట ఆయన కూడా ఎన్నడూ చెప్పలేదు, తాగి గానీ తాగకుండా గానీ. ఇద్దరూ వేరే వేరే వైపులకు చూశారు. మగవాళ్ళకు ఆ తరువాత ఏం చేయాలో తెలియదు. చివరికి దేవరాజులే తేరుకున్నాడు.

"వచ్చే స్లాబుకి నన్నారిలో నిమ్మకాయ ఇంకొంచెం పిండించుకోని రా. చీమలన్నా తగ్గుతాయి."

లోగనాథన్ తల తిప్పలేదు. కండువాతో మొహం తుడుచుకుంటూ తాపీగా అన్నాడు: "నువ్వు టీ బాగా వడగట్టుకోని రా. పోయిన మూడు స్లాబులుగా నీ మీసంలో పొడి ఉండాది."

ఒక క్షణం పట్టింది. ఆ తరువాత ఇసుక కుప్ప వెనకనుంచి లేచిన నవ్వుకు పంతులుగారింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు చరుచుకుని, దగ్గి, ఊపిరాడక, డబ్బాల మీదనుంచి జారిపోయారు. "నాకు ఆ వాసన మొదట్నుంచీ పడదప్పా, నువ్వు తాగతావని తాగితిని" అని లోగనాథన్ అంటే, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, నువ్వు పోస్తావని కదరా నేను తాగింది" అని దేవరాజులు మళ్ళీ నవ్వాడు. అందులో ఎంత నిజముందో ఇద్దరికీ తెలియదు.

ఆ నవ్వు తగ్గకముందే దేవరాజులు ఫోను తీసి రంగరాజులుకు చేశాడు. ఆలోచిస్తే ధైర్యం చాలదని ఆయనకు తెలుసు.

"రంగా! ఒరే రంగా! నిచ్చెన తెచ్చింది నువ్వే కదరా!"

వెనకనుంచి లోగనాథన్ "రంగడా, తప్పయిపోయిందిరా" అని అరుస్తున్నాడు.

"ఎవరది, దేవరాజులా?" అంది రంగరాజులు గొంతు. "ఎంత తాగినార్రా ఇద్దరూ? యాడ ఉండారు?"

దేవరాజులు నిజం చెప్పబోయాడు. లోగనాథన్ ఆయన మోచెయ్యి పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాడు.

"పంతులు స్లాబు దగ్గిర, గుడియాత్తంలోనే. చానా తాగినాము రంగా. లేచేదానికి లేదు."

"కదలొద్దు. బండెక్కేరు, పడి చస్తారు. నేనే వస్తా ఉండా," అని రంగరాజులు ఫోను పెట్టేశాడు.

లోగనాథన్ వెళ్ళి మూడో పెయింటు డబ్బా వెతికి తెచ్చాడు. దేవరాజులు దాని మీది ఇసుకను తన కండువాతోనే తుడిచి, రెండు డబ్బాల నడుమ బోర్లించాడు. ఆ తరువాత చీమలను ఊది, తన గ్లాసులోని డికాషను పారబోసి కడిగి, మిగిలిన నన్నారిని అందులో పోశాడు.

"ఇది రంగడికి," అన్నాడు. "వాడు వచ్చేదాకా మనం కొంచెం తూలతా ఉండాల. సరిగ్గా తూలు బావా, ఇందాక అట్ల కాదు."